ముందు గాయం రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక నగర పేజీలో అప్పుడప్పుడూ నాలుగైదు వాక్యాల్లో ముగిసిపోయే ఒక రకం వార్త గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. అద్దె గదిలోనో, నగర శివార్లలో తుమ్మచెట్ల మధ్యనో ఒక స్త్రీ మృతదేహం దొరుకుతుంది. మొదటి వాక్యంలో ఆమె వయసు చెబుతారు. రెండో వాక్యంలో ఆమె వ్యభిచార వృత్తిలో ఉన్నట్లు తెలిసిందని చెబుతారు. ఎవరు చంపారు, ఎలా చంపారు అన్నది ఆ తరువాత, చోటు మిగిలితే వస్తుంది. ఆ రెండో వాక్యం చదివిన పాఠకుడు మూడో వాక్యాన్ని, తనకు తెలియకుండానే, తేలిగ్గా చదివేస్తాడు. ముప్పై ఆరేళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా పనిచేసి 2018లో పదవీ విరమణ చేశాను. ఇప్పుడు వారానికి రెండు మధ్యాహ్నాలు, ఈ పనిలో ఉన్న స్త్రీలు వచ్చి కాసేపు కూర్చుని వెళ్లే ఒక కేంద్రంలో కట్లు కట్టి, మందులిచ్చి వస్తుంటాను. మీ వార్తలో కనిపించే ఆ వరుసనే నేను ఆసుపత్రి రిజిస్టరులోనూ చూశాను, పోలీస్ స్టేషన్ గడప దగ్గరా చూశాను. ఆమె దెబ్బ తిని వచ్చినప్పుడు ముందు ఆమె ఏం పని చేస్తుందో రాసుకుంటారు, దెబ్బ సంగతి తరువాత రాస్తారు, చాలాసార్లు రాయనే రాయరు.

ఒక రాత్రి సంగతి చెబుతాను. ఏ ఆసుపత్రో చెప్పను. ఏ ఆసుపత్రిలోనైనా జరిగేదే అది, పైగా ఆ రాత్రి తప్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ. మూడు దాటాక ఒక ఆటో డ్రైవరు, ముప్పై ఏళ్లుంటాయేమో, ఒకావిడను రెక్క పట్టుకుని తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆమె తలకు అతని తువ్వాలే చుట్టి ఉంది, అది తడిసి జుట్టుకు అంటుకుపోయింది. ఆమె ముందుగా చేసిన పని కొంగు ముడి విప్పి, ఒకదానికొకటి అతుక్కుపోయిన నోట్లను విడదీసి ఆటో కిరాయి ఇవ్వబోవడం. అతను "వద్దమ్మా, ముందు సూపించుకో" అని చెప్పి, తువ్వాలు కూడా అడగకుండా వెళ్లిపోయాడు. ఆమె కుడి మణికట్టులో మట్టిగాజులు పగిలి దిగబడి ఉన్నాయి. ఫోర్సెప్స్‌తో ఒక్కొక్క ముక్కా తీసి ట్రేలో వేస్తూ లెక్కపెట్టాను, తొమ్మిది ముక్కలు, ఆకుపచ్చ గాజులు. డ్యూటీ డాక్టరు వచ్చి, గాయం చూడకముందే, "ఏం పని చేస్తవ్?" అని అడిగాడు. "అడ్డా కూలి సార్" అంది. ఆయన నా వైపు తిరిగి ఇంగ్లిషులో ఒక మాట అని నవ్వాడు. ఎలా తగిలిందని అడిగితే మెట్ల మీద జారిపడ్డానని చెప్పింది, అదే రాశారు.

మెట్ల మీద పడ్డ మనిషి మెడకు ఒక పక్క నాలుగు వేళ్ల గుర్తులు, ఇంకో పక్క బొటనవేలి గుర్తు ఉండవు. ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. ఎడమ కంటి తెల్లగుడ్డులో సూది మొనంత ఎర్రచుక్కలు ఉన్నాయి. గొంతు నులిమినప్పుడు సన్నని రక్తనాళాలు చిట్లి అలాంటి చుక్కలు పడతాయి. లోపలి వాపు గంటలు గడిచాక పెరిగి, ఒకటి రెండు రోజుల తరువాత కూడా ఊపిరి అందని స్థితి రావచ్చు కాబట్టి అలాంటి మనిషిని కుట్లు వేసి పంపించేయకూడదు. దాడి గుర్తులు కనిపించినప్పుడు రోగి ఏం చెప్పినా ఎం.ఎల్.సి. రిజిస్టరులో, అంటే పోలీసు కేసయ్యే గాయాల పుస్తకంలో ఎక్కించి పోలీసులకు కబురు చేయాలి. ఇవన్నీ నాకూ తెలుసు, ఆ డాక్టరుకూ తెలుసు. కట్టు కడుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని, "పోలీసు కేసు చెయ్యకుండ్రి సిస్టరమ్మా. వాళ్లొస్తే నన్నే అడుగుతరు, ఆ గదికెందుకు పోయినవని. నా కొడుకు ఎనిమిదోది సదువుతుండు" అంది. నేను ఏమీ మాట్లాడలేదు. తలకు పదకొండు కుట్లు పడ్డాయి, తెల్లవారేసరికి ఆమె బెంచీ మీద లేదు. కుట్లు విప్పించుకోవడానికి కూడా మా దగ్గరికి రాలేదు.

ఆమె భయాన్ని తెలివితక్కువ భయం అనడానికి వీల్లేదు. 1956లో వచ్చి, 1986లో పేరు మార్చుకుని, మన దగ్గర అందరి నోటా 'పీటా' అయిన వ్యభిచార నిరోధక చట్టం ఈ పని చేయడాన్నే నేరమనదు. వ్యభిచార గృహం నడపడం, ఇంకొకరి సంపాదన మీద బతకడం, ఆడపిల్లల్ని మోసం చేసి తీసుకురావడం, బహిరంగ ప్రదేశంలో గిరాకీని పిలవడం నేరమంటుంది. ఆ పిలవడమన్న నేరానికే స్త్రీకి మొదటిసారి ఆరు నెలల వరకు శిక్ష రాసిన 8వ సెక్షన్, అదే పని మగవాడు చేస్తే మూడు నెలలు మించకూడదని రాసింది. ఇది కాక హైదరాబాదులో నిజాం కాలం నాటి, 1348 ఫసలీ సిటీ పోలీస్ యాక్ట్ ఉండనే ఉంది. దాని కింద పెట్టీ కేసు రాసి జరిమానా కట్టించవచ్చు. బస్టాండు పక్కన ఊరికే నిలబడ్డందుకు అలా జరిమానా కట్టి వచ్చిన స్త్రీ, మరుసటి వారం ఎవడో తల పగలగొడితే అదే స్టేషన్‌కు, అదే రైటరు దగ్గరికి వెళ్లి ఏమని చెప్పుకోవాలి?

ఇది కొట్టేవాడికి బాగా తెలుసు. అందుకే కొడతాడు. ఇక్కడ అమెరికా సంగతి ఒకటి చెప్పక తప్పదు. సియాటిల్ పరిసరాల్లో 1980లలో మొదలుపెట్టి స్త్రీలను వరసగా చంపిన గ్యారీ రిడ్జ్‌వే 2003లో 48 హత్యలు ఒప్పుకున్నప్పుడు, ఈ పనిలో ఉన్నవాళ్లనే ఎందుకు ఎంచుకున్నాడో కూడా కోర్టుకు చెప్పాడు. వాళ్లు కనబడకుండా పోతే ఎవరూ వెంటనే ఫిర్యాదు చేయరు, ఎప్పటికీ చేయకపోవచ్చు కూడా అని తనకు తెలుసునన్నాడు. ఆ స్త్రీలను తలచుకోవడానికే ఆ ఏడాది డిసెంబరు 17న సభలు జరిగాయి, అప్పటి నుంచి ఏటా ఆ రోజును సెక్స్ వర్కర్లపై హింసకు వ్యతిరేక దినంగా పాటిస్తున్నారు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2014లో వెలువరించిన ఒక సమీక్షలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పనిలో హింసకు గురైనవారు 45 నుంచి 75 శాతం వరకు ఉన్నారని తేలింది. కేంద్రంలో నా ముందు కూర్చునే స్త్రీలను చూస్తే ఆ 75 శాతం నాకు ఏమాత్రం ఎక్కువనిపించదు.

వాళ్లు చెప్పే సంగతుల్లో తరచుగా వినిపించేది ఒకటుంది. ఒక్కడే అని బేరం మాట్లాడుకుని బండెక్కించుకుంటాడు, గదికి వెళ్లేసరికి లోపల నలుగురుంటారు. స్టేషన్‌కు వెళితే "పైసలు తీసుకున్నవ్ కదా, ఇంకేం కేసు?" అంటారు. నేనూ ఒకసారి ఒకామెకు తోడుగా వెళ్లి ఈ మాట నా చెవులారా విన్నాను. ఏ స్టేషనో ఇక్కడ అనవసరం. మమ్మల్ని రెండు గంటలు బయట బల్ల మీద కూర్చోబెట్టి, చివరికి ఆమె ఫోన్ నంబరు మాత్రం రాసుకుని పంపించారు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో సమ్మతి అంటే ఏమిటో స్పష్టంగా ఉంది. ఫలానా లైంగిక చర్యకు స్త్రీ స్వేచ్ఛగా, సందేహానికి తావు లేకుండా తెలిపే ఒప్పుదల అది. ఒకడికి ఒప్పుకుంటే నలుగురికి ఒప్పుకున్నట్లు కాదు, నిరోధ్‌తో ఒప్పుకుంటే లేకుండా ఒప్పుకున్నట్లు కాదు, నిన్న ఒప్పుకుంటే ఇవాళ ఒప్పుకున్నట్లు కాదు. ఆ నలుగురు చేసింది 70వ సెక్షన్ కింద సామూహిక అత్యాచారం, దానికి ఇరవై ఏళ్లకు తగ్గని కఠిన కారాగార శిక్ష ఉంది. డబ్బు చేతులు మారిందా లేదా అన్న ప్రశ్న ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు.

ఇక మామూళ్లు అడిగే రౌడీలు, సంపాదన లాక్కునే బ్రోకర్లు, సంగతి తెలిసిపోయిందని అద్దె రెట్టింపు చేసే ఇంటి ఓనర్లు ఉన్నారు. కానీ బయటివాళ్ల కంటే ఎక్కువ దెబ్బలు ఇంట్లోవాడి చేతిలోనే తిన్నామని చెప్పేవాళ్లు నా దగ్గరికి తక్కువమంది రారు. వాళ్ల భాషలో అతని పేరు 'పర్మినెంట్'. భర్త అయినా కావచ్చు, కాకపోవచ్చు. ఆమె తెచ్చిన డబ్బుతో తాగి, ఆ డబ్బు ఎలా వచ్చిందని కొడతాడు. 2005 నాటి గృహహింస చట్టం పెళ్లి లాంటి సహజీవనానికీ వర్తిస్తుందని చెబితే, చట్టాలన్నీ సంసారుల కోసమే అనుకున్నామమ్మా అని వాళ్లు ఆశ్చర్యపోతారు.

మన నగరంలో ఈ హింస ఇంకాస్త కనబడకుండా పోవడానికి ఒక కారణముంది. 1996లో పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీని ఖాళీ చేయించాక, హైదరాబాదులో ఫలానా వీధి అని వేలుపెట్టి చూపించే చోటు లేకుండా పోయింది. పని మాత్రం ఎక్కడికీ పోలేదు. అద్దె గదుల్లోకి, శివార్ల కాలనీల్లోకి, ఇప్పుడు ఫోన్లలోకి వెళ్లింది. అడ్డా మీద నిలబడే రోజుల్లో ఒకామె బండెక్కుతుంటే పక్కనున్నామె నంబరు ప్లేటు చూసి గుర్తు పెట్టుకునేదట, రెండు గంటల్లో తిరిగి రాకపోతే వెతకడానికి. ఇప్పుడు ఫోనులో వచ్చిన చిరునామాకు ఒంటరిగా వెళ్లాలి. ఆమె ఎక్కడికి వెళ్లిందో ఆమెకూ, పిలిచినవాడికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

నా వయసువాళ్లకు ఈ మాటలన్నీ మరో సంగతిని గుర్తుకు తేక మానవు. 1978 మార్చిలో నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో, రాత్రి సినిమా చూసి భర్తతో వస్తున్న రమీజాబీ అనే స్త్రీపై పోలీసులు అత్యాచారం చేశారని, ఆమె భర్త, రిక్షా తొక్కుకునే అహ్మద్ హుస్సేన్, వాళ్ల దెబ్బలకు చనిపోయాడని తెలిసి నగరం మండిపోయింది. కాల్పులు, కర్ఫ్యూ, అన్నీ అయ్యాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణలో పోలీసుల తరఫు వాదనంతా ఒక్క మాట చుట్టూ తిరిగింది, ఆమె వ్యభిచారి అని. కమిషన్ ఆ వాదనను తోసిపుచ్చి పోలీసులే దోషులని తేల్చింది. కేసు మాత్రం కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయి, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. మా ఇంట్లో ఆ రోజుల్లో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకున్నది, ఆమె అలాంటిదా కాదా అని. అలాంటిదే అయితే మాత్రం ఏమిటి అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

చట్టం ఆ తరువాత చాలా నడిచింది. బాధితురాలు చెడునడత గలదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టిపారేయడానికి వీలిచ్చిన సాక్ష్య చట్టం నిబంధనను 2002 సవరణతో తీసేశారు. 2013 నుంచి ఆమె పూర్వ లైంగిక జీవితం సమ్మతి తేల్చడానికి పనికిరాదు. అత్యాచార బాధితులకు, పూర్వ లైంగిక అలవాటు తేల్చే పేరుతో, రెండు వేళ్ల పరీక్ష చేయడం దుష్ప్రవర్తన అని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రకటించింది. అన్నిటికంటే ముఖ్యమైనది బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసు. 1999లో కోల్‌కతాలో ఈ వృత్తిలో ఉన్న ఒక స్త్రీని జుట్టు పట్టుకుని తల నేలకూ గోడకూ బాది చంపిన మనిషి అప్పీలును 2011 ఫిబ్రవరిలో కొట్టేసిన కోర్టు, అక్కడితో ఫైలు మూసేయకుండా, ఈ వృత్తిలో ఉన్నవారి బతుకు గురించి తనంత తానుగా విచారణ కొనసాగించింది. ఆ విచారణలోనే మన చీరాల నుంచి వెళ్లిన జస్టిస్ లావు నాగేశ్వరరావు నాయకత్వంలోని ధర్మాసనం 2022 మే 19న ఇచ్చిన ఆదేశాలు ప్రతి స్టేషన్ గోడ మీదా ఉండవలసినవి. లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కు మిగతా బాధితులకు దక్కే ప్రతి సాయమూ, వెంటనే వైద్యంతో సహా, దక్కాలి. పోలీసులు ఆమెను మాటతో గాని చేత్తో గాని హింసించకూడదు. నిరోధ్‌లను నేరానికి సాక్ష్యంగా చూపకూడదు. నర్సుగా ఈ చివరి ఆదేశం విలువ నాకు తెలుసు. సంచిలో నాలుగు పాకెట్లు దొరికితే కేసు అవుతుందన్న భయంతో వాటిని ఇంట్లో వదిలి వెళ్లి, తరువాత మా ముందు రక్తపరీక్ష కాగితం పట్టుకుని కూర్చున్న వాళ్లను చూశాను.

ఆదేశాలన్నీ ఉన్నా, అన్నీ వచ్చి ఒక్క కాగితం దగ్గర ఆగుతున్నాయి, అది ఎఫ్.ఐ.ఆర్. జాతీయ న్యాయసేవల సంస్థ 2018 పథకం ప్రకారం అత్యాచార బాధితురాలికి 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారమైతే 5 నుంచి 10 లక్షల రూపాయల పరిహారం రావాలి. దరఖాస్తుతో ఎఫ్.ఐ.ఆర్. నకలు అడుగుతారు. గాయాల సర్టిఫికెట్ కోసం ఆసుపత్రికి వెళితే, పోలీసు కాగితం తెమ్మంటారు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఏ స్టేషన్‌లోనైనా, నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు రాసుకోవాలంటోంది. అత్యాచారం కేసయితే మహిళా అధికారే రాసుకోవాలంటోంది. అత్యాచారం లాంటి నేరాల ఫిర్యాదు రాసుకోని అధికారికి న్యాయ సంహిత 199వ సెక్షన్ ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు కఠిన శిక్ష పెట్టింది. షీ టీమ్స్, భరోసా కేంద్రం మొదలుపెట్టి, ఆడపిల్లల భద్రతలో ముందుంటామని చెప్పుకునే మన నగర పోలీసు శాఖను నేను కోరేది కొత్త పథకం కాదు. ఈ స్త్రీ బల్ల ముందుకు వచ్చినప్పుడు ఏం పని చేస్తావన్న ప్రశ్నతో కాకుండా, ఎవరు కొట్టారు, ఎక్కడ కొట్టారు, ఎప్పుడు కొట్టారు అన్న ప్రశ్నలతో మొదలుపెట్టమని ప్రతి స్టేషన్‌కూ చెప్పమనే కోరుతున్నాను. ఆసుపత్రి అధికారులకూ ఇదే మనవి.

నేను రాసింది చదివి, ఈ పనిలోకి మోసంతో దించిన పిల్లల సంగతేమిటని కొందరు అడగవచ్చు. అడగాలి కూడా. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల విషయంలో సమ్మతి అన్న మాటే లేదు, ఆ పిల్లను కాపాడడం తప్ప వేరే చర్చ లేదు. బలవంతంగా తెచ్చిన స్త్రీని విడిపించడానికి పోలీసులు దాడి చేయవలసిందే. అయితే ఆ దాడిలో, మహిళా పోలీసులు ఇద్దరైనా వెంట ఉండాలన్న పీటా చట్టంలోని నియమాన్ని పాటించారా, ఆమెను జుట్టు పట్టుకుని వ్యాను ఎక్కించారా అన్నది కూడా హింస లెక్కలోకే వస్తుంది. ఇష్టపడి వచ్చిందా, గతిలేక వచ్చిందా, ఎవరో అమ్మితే వచ్చిందా అన్న వాదన ఎంతకాలమైనా సాగనివ్వండి. మూడింటిలో ఏది నిజమైనా ఆమె పగిలిన తలకు కేసు రాయడానికి అడ్డం రాదు.

ఇప్పుడు మీకు సంబంధించిన మాట. కేంద్రానికి వచ్చే ఒకామె తన సంచిలో ప్లాస్టిక్ కవరులో మడిచి పెట్టుకున్న వార్త ముక్క నాకు చూపించింది. 'గుట్టు రట్టు' అన్న శీర్షిక కింద చున్నీలతో ముఖాలు కప్పుకున్న ముగ్గురు స్త్రీల ఫొటో ఉంది. ముఖాలు కనబడడం లేదు. కానీ రెండోవ్యక్తి వేసుకున్న పెద్దపూల పసుపు నైటీ వాళ్ల గల్లీలో అందరికీ తెలుసు. ఇంటి ఓనరు ఆ పేపరు చేత్తో పట్టుకుని వచ్చి ఖాళీ చేయమన్నాడు, కూతురు రెండు వారాలు బడికి పోలేదు. ఆ ఫొటోలో విటుడు లేడు. దాడి అయినా, అరెస్టు అయినా, విడిపించడం అయినా, వాళ్లు బాధితులైనా నిందితులైనా, గుర్తు తెలిసేలా ఫొటో వేయకూడదని పత్రికలకు మార్గదర్శకాలు ఇవ్వమని 2022 ఆదేశం ప్రెస్ కౌన్సిల్‌కు సూచించింది. ముఖం కప్పితే గుర్తు పోయినట్లేనని ఫొటో తీసేవాళ్లు అనుకుంటారు. చీరను బట్టి, చెప్పులను బట్టి, నిలబడే తీరును బట్టి మన ఆడవాళ్లను మన వీధివాళ్లు గుర్తుపడతారు. ఆ ఫొటోలు మానేయమని, చనిపోయిన స్త్రీ వార్తలో ఆమెను చంపినవాడి సంగతి, ఆమెకు తగిలిన గాయాల సంగతి ముందు రాసి, కేసు అర్థం కావడానికి అవసరమైతే తప్ప ఆమె పని ప్రస్తావన తేవద్దని మిమ్మల్ని అడుగుతున్నాను. 'పట్టుబడ్డ మహిళ' అనే మాట, ఆమె దెబ్బతిన్న మనిషి అయినప్పుడు, దయచేసి వాడకండి.

ఈ డిసెంబరు 17న మీ నగర పేజీలో ఒక చిన్న గడి కేటాయించి మూడు నంబర్లు వేయండి: పోలీసు సాయానికి 112, మహిళా హెల్ప్‌లైన్ 181, ఉచిత న్యాయ సాయానికి 15100. వాటి కింద, ఏ పని చేసేవారైనా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చని, అత్యాచారం ఫిర్యాదు రాసుకోకపోతే ఆ అధికారికే శిక్ష ఉంటుందని ఒక్క వాక్యం వేయండి. మా కేంద్రంలో చదవడం రాని వాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకు నేను చదివి వినిపిస్తాను. నా పేరు ప్రచురించవద్దని మనవి. నా పేరు తెలిస్తే కేంద్రం తెలుస్తుంది, కేంద్రం తెలిస్తే అక్కడికి వచ్చేవాళ్లు తెలుస్తారు.

ఇట్లు,
విశ్రాంత హెడ్ నర్సు,
విద్యానగర్, హైదరాబాదు